పాపం ఏ రంగుల ఉంటది?

ఈసారి కంది గురించి రాస్తనని చెప్పిన గానీ, దాన్ని పక్కకు పెట్టి రంగుల గురించి రాస్తున్న. ఎందుకో పోను పోను మీకే తెలుస్తది. కొంచెం పెద్దగనే ఉంటది, పొద్దుమీకి పనులైనంక చదవండి.

మన మాటలల్ల రంగులు ఎన్ని దూరినయో ఎప్పుడన్న లెక్కబెట్టిండ్రా? కోపమొస్తే కండ్లు ఎర్రజేస్తడు. భయపడితే ముఖం పాలిపోతది. అనుకోని మాట వింటే తెల్లబోతడు. నలుగుట్ల అవమానమైతే ముఖం నల్లబడ్తది. అనుమానం పట్టినోనికి పచ్చకామెర్ల సామెత ఉండనే ఉంది. అబద్ధం మరీ పెద్దదైతే పచ్చి అబద్ధం. లెక్క చెప్పకుండ దాచిన పైసలు నల్లధనం. అమాయకునికి తెల్లనియన్నీ పాలే. ఇన్ని రోజులు మంచిగ నటించినోడు దొరికిపోతే "వాని రంగు బయటపడ్డది" అంటం.

వీటిల కొన్ని ఉత్త మాటలు గావు, ఒంట్ల జరిగేటియే. కోపానికి, సిగ్గుకు రక్తం ముఖానికి ఎక్కుతది. భయానికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటయి, ముఖం పాలిపోతది. మావంటి ఎండల కాలినోళ్ళకు ముఖం మీద ఎరుపు అంతగ కనబడది, కండ్లల్లనే కనబడ్తది. అందుకేనేమో మనోళ్ళు ముఖాన్ని వదిలి కండ్లను పట్టుకున్నరు. ఏదైనా గానీ ఈ రంగులు ఉండిపోయేటియి గావు. ఎంత ఎర్రబడ్డోడైనా చెంబెడు నీళ్ళు తాగి వేపచెట్టు కింద కూసుంటే పావుగంటకు మామూలైతడు. ఈ ముచ్చట గుర్తుపెట్టుకోండి, మళ్ళ అవసరమైతది.

నేనుండేది డిండి వాగు దిక్కు. వాగుకు ఇవతల నల్లగొండ, అవతల పాలమూరు. రెండు పేర్లల్ల రంగుంది జూడండి. నల్లగొండ అంటే నల్లని కొండ. అంతకుముందు దాని పేరు నీలగిరి, అంటే అదిగూడ రంగే. బహమనీల కాలంల నీలం పోయి నలుపు వచ్చిందంటరు. పాలమూరుల పాలున్నయి. 1890ల నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పెట్టిండ్రు గానీ ముసలోళ్ళ నోట్ల పాలమూరు పోలేదు. కొందరు పాలచెట్ల మూలంగ ఆ పేరొచ్చిందంటరు, అయినా చెవికి పాలే వినబడ్తయి. ఒక దిక్కు నలుపు, ఒక దిక్కు తెలుపు, నడుమ మేము. కరువు మాత్రం ఏ రంగూ చూడకుండ రెండు దిక్కులా ఒక్క తీరే వచ్చింది.

రైతుకు తెలుపంటే మంచి, నలుపంటే చెడు అని చెప్పి జూడండి, నవ్వుతడు. మాకు నల్లరేగడి ఉన్నోడు అదృష్టవంతుడు. నీళ్ళు పట్టుకుంటది, పత్తి నిలబడ్తది. ఎర్ర చెల్క ఉన్నోడు వాన మీద ఆధారపడి పల్లో ఆముదమో ఏసుకుంటడు. ఆ మన్ను ఎరుపు అంతా ఇనుము తుప్పే. ఇగ తెల్లగ మెరిసే భూమి చౌడు. పొద్దున్నే చూస్తే ఉప్పు చల్లినట్టు ఎంత అందంగుంటదో, ఇత్తనమేస్తే మొలకొస్తే ఒట్టు. జిప్సం ఏసి, నీళ్ళు పెట్టి, కడిగి, ఏండ్లకేండ్లు తిప్పలు పడాలె. తెల్లదోమ, తెల్ల తెగులు, తెల్ల చౌడు, మా కష్టాలల్ల చాలా మట్టుకు తెల్లగనే ఉంటయి.

అదే నల్లరేగడి ఎకరం ధర జేసేటప్పుడు "మన్ను చూడు, కాటుక తీరు ఎట్లుందో" అని మెచ్చుకున్న నోరే, పిల్లను చూడవోయినప్పుడు "పిల్ల కొంచెం నలుపు" అని కట్నం పెంచుతది. భూమికి నలుపు ధర పెంచె, పిల్లకు నలుపు ధర పెంచె. మొదటి దాంట్ల కొనేటోడు ఇస్తడు, రెండో దాంట్ల పిల్ల తండ్రి ఇస్తడు. ఇంట్ల కృష్ణుని పటానికి దండం పెట్టి పోయి మరీ ఈ మాట అంటరు. కృష్ణుని పేరే నలుపు గదా.

మళ్ళ అదే నలుపు కాపాడేదిగూడ. పసిబిడ్డ బుగ్గ మీద దిష్టిచుక్క నలుపు. కాలికి కట్టే తాడు నలుపు. పుస్తెల తాడుల నల్లపూసలు. కొత్త ఇంటి ముంగట, కాయ పట్టిన పొట్ల పందిరి ముంగట నల్ల కుండ. కీడు నల్లగుంటదని భయపడుడు, ఆ కీడును తరిమేదానికి నలుపునే పిలుచుడు. మన పెద్దలు ఒక్క లెక్క మీద ఉన్నరని ఎవరన్న అంటే నేను నమ్మ.

రంగు చూసి మనిషికి గుణం అంటగట్టుడు ఎంత అన్యాయమో మా జిల్లాకు తెలిసినంత ఎవరికి తెల్వది. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరునీళ్ళల్ల ఫ్లోరైడు. చిన్నప్పటి సంది ఆ నీళ్ళు తాగినోళ్ళ పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు పడ్తయి. అవి బొగ్గుతోని తోమినా పోవు, పేస్టుతోని తోమినా పోవు, ఎందుకంటే పై మురికి గాదు, పన్ను తయారైతున్నప్పుడే లోపట పడ్డ మచ్చ. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతయి. పటికె, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటుంది, నాగపూర్ నీరి సంస్థోళ్ళు తయారుజేసిండ్రు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు శాస్త్రం పుస్తకాలల్లకు ఎక్కింది ఇట్ల. ఆ ఊర్ల పిల్లలు పట్నం పోతే నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటరు. "పండ్లు తోముకోడా వీడు" అన్నట్టు చూస్తరని. నీళ్ళు చేసిన పనికి పిల్లగాడు నోరు మూసుకోవాలె.

ఇంగ్లీషోళ్ళు అసూయ ఆకుపచ్చగ ఉంటదంటరు. పిరికితనం పసుపంట. మనకు ఇది ఎంత ఎగబెట్టినా మింగుడుపడది. మనకు పచ్చగ అంటే పంట, సంసారం, దీవెన. పక్కోని చేను పచ్చగుంటే ఓర్వలేనోనిది అసూయ. పచ్చదనం వానిది గాదు, చేనుది. పసుపు సంగతైతే చెప్పనే అవసరం లేదు. బోనాల నాడు పోతరాజు ఒళ్ళంత పసుపు పూసుకొని ఎగురుతుంటే ఆయనను పిరికోడని అనే ధైర్యం ఎవరికుంది?

మన దేశం లోపటనే చూసినా కుదరదు. భరతుని నాట్యశాస్త్రంల ఎనిమిది రసాలకు ఎనిమిది రంగులు చెప్పిండ్రు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురం రంగు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. శాంతం తర్వాతి కాలంల కలిపిండ్రు. చిన్నప్పుడు మా ఊరికి చిందోళ్ళు భాగోతం ఆడనొస్తే ముఖాలకు పసుపుపచ్చగ అర్దళం పూసుకునేటోళ్ళు, పెట్రోమాక్స్ ఎలుగుల ఆ ముఖాలు చూస్తే మనిషి గాదు, ఇంకెవరో అనిపించేది. రంగు పూస్తే ఇంకో మనిషైతడు, కడుక్కుంటే మళ్ళ మనోడే. పొద్దున మా ఇంటికే వచ్చి సద్ది అడిగేటోళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికొస్త. పాపానికి, మనసుకు రంగులు లెక్కబెట్టి ఒక వరుసల పెట్టినోళ్ళు జైనులు. వాళ్ళు మన గడ్డ మీద ఒకప్పుడు మస్తుగ బతికినోళ్ళు. ఆలేరు దగ్గర కొలనుపాక గుడి ఇప్పటికి యాత్ర స్థలమే, జడ్చర్ల దగ్గర ఇటుకలతోని కట్టిన గొల్లత్తగుడి కూడా వాళ్ళదే. నేను కొలనుపాక పోయినప్పుడు గుజరాత్ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వచ్చీరాని తెలుగుల ఆరుగురి కథ చెప్పిండు. తర్వాత నేను దొరికినంత చదివిన.

మనసుకు ఆరు రంగులంట, లేశ్యలు అంటరు. నలుపు, నీలం, పావురం రంగు, ఎరుపు, పసుపు, తెలుపు. మొదటి మూడు చెడ్డయి, చివరి మూడు మంచియి. ఉత్తరాధ్యయన సూత్రం అని వాళ్ళ గ్రంథముంది, అందుల ముప్పై నాలుగో అధ్యాయం అంతా ఇదే. ప్రాణం తీయనీకి ఎనకాముందు చూడనోనిది నలుపు. అసూయ, ద్వేషం, ఆశ నిండినోనిది నీలం. వంకర మాట, దొంగ బుద్ధి, లోపలొకటి బయటొకటి ఉన్నోనిది పావురం రంగు. అణకువ, కపటం లేనితనం ఎరుపుతోని మొదలైతయి. కోపం, గర్వం, ఆశ తగ్గినోనిది పసుపు. మనసు పూర్తిగ నిమ్మళపడ్డోనిది తెలుపు.

చూసిండ్రా, భరతుని దగ్గర కోపమైన ఎరుపు ఇక్కడ మంచితనానికి మొదటి మెట్టు. అక్కడ కరుణైన పావురం రంగు ఇక్కడ మోసం. ఇద్దరూ పెద్దోళ్ళే, ఇద్దరూ మనోళ్ళే.

కథ ఇది. ఆకలిగొన్న ఆరుగురు ఒక నేరేడు చెట్టు కిందికొస్తరు, నిండ పండ్లు. ఒకడు చెట్టును మొదలుకంట నరుకుదామంటడు. ఇంకొకడు పెద్ద కొమ్మలు చాలంటడు. మూడోవాడు చిన్న కొమ్మలు, నాలుగోవాడు గుత్తులు, ఐదోవాడు పండినయి ఏరి తెంపుకుందామంటడు. ఆరోవాడు, కింద రాలినయి మన ఆరుగురికి సరిపోతయి గదా అంటడు. ఆ వరుసలనే ఆరు రంగులు. ఇంకా ఎవడూ గొడ్డలి ఎత్తలే, పండు నోట్లె పెట్టలే. మనసుల అనుకున్నప్పుడే రంగు పడ్డది.

నాకు ఈ కథ విన్నప్పుడు గుట్ట మీది సీతాఫలాలు యాదికొచ్చినయి. పాలమూరు దిక్కు సీతాఫలం ఎంత పేరున్నదో మీకు తెలుసు, బాలానగర్ రకం అని దేశమంత పెంచుతున్నరు, ఆ బాలానగర్ మన పాలమూరు జిల్లాదే. గుట్ట మీద కాయ ఎవరు పెట్టింది గాదు, దానంతట అదే కాస్తది. కన్ను తెరిచిన కాయ ఏరుకునేటోళ్ళున్నరు. కన్ను తెరువకముందే బుట్టలకొద్ది తెంపి పట్నం లారీ ఎక్కించేటోళ్ళున్నరు. చేతికందలేదని కొమ్మ ఇరిచేటోళ్ళున్నరు. ఇటుక బట్టీకని మొదలుకంట కొట్టేటోళ్ళున్నరు, ఆ చోట రెండేండ్లు కాయ కనబడది. రాలింది తినేటియి పిట్టలు, ఉడతలు. ఆరు రంగులూ మా గుట్ట మీదనే చూడొచ్చు, గుజరాత్ పోవాల్సిన పనిలేదు.

ఒక్కటి మాత్రం ఆ పెద్దమనిషితోని నేను ఒప్పుకోలే. నాగలి పెడితే ఎర్రలు సస్తయి, చీమల పుట్టలు పోతయి, అందుకని ఎవుసం మాకు వద్దన్నరు అన్నడాయన. మంచిదే. మరి ఆయన ఆ పూట తిన్న జొన్నరొట్టె ఏ నాగలి కింద పండింది? రాలిన పండ్లతోని ఊరి కడుపు నిండదు. రైతుకు తెలుపు రాదు, ఆ ఆశ నాకు లేదు. ఎరుపో పసుపో దక్కితే చాలు. ఆయనతోని గట్లనే అన్న, ఆయన గూడ నవ్విండు.

ఆ గ్రంథంల రంగులకు రుచులు గూడ చెప్పిండ్రు. నలుపు వేప కంటె ఎన్నో రెట్లు చేదు. నీలం మిరియాల ఘాటు. పావురం రంగు పచ్చి మామిడికాయ, పచ్చి వెలక్కాయ పులుపు. ఎరుపేమో పండిన మామిడిపండు, పండిన వెలగపండు తీపి. నాకు ఇక్కడ చేయి ఆగింది. చెడ్డదాంట్ల ఆఖరుది, మంచిదాంట్ల మొదటిది, రెండూ ఒకే చెట్టు కాయ. నడుమ ఉన్నది పండుడే. పచ్చి మోసం అని మనం ఊకెనే అనలేదన్నట్టు. కాయ పండుతది, రంగు మారుతది, మనిషి గూడ అంతే అని వాళ్ళ లెక్క. ఎవనికీ పుట్టుకతోని ఒక రంగు కొట్టి వదిలిపెట్టలే.

ఇంకో రంగుల లెక్క మా దగ్గరుంది, పురుగుమందు డబ్బాది. డబ్బా మీద డైమండు బొమ్మ ఉంటది, దాని కింది సగం మూలకు రంగు. ఎరుపైతే అన్నిటికంటె గొప్ప విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరుకు ఆకుపచ్చ. 1971 రూల్స్ ప్రకారం అందరు ఇదే పద్ధతి పాటించాలె. మోనోక్రోటోఫాస్ డబ్బా మీద ఎరుపే ఉంటది. ఇక్కడ పసుపు శుభం గాదు, రెండో నంబరు విషం. ఆకుపచ్చ ఉంటే అమృతమని కొందరు ముఖానికి బట్టగూడ కట్టుకోకుండ కొడ్తున్నరు, దాని మీదగూడ జాగ్రత్త అనే రాసుంటది. గాలికి ఎదురుగ కొట్టకండి, చేతులు కడుక్కోకుండ బీడీ ముట్టియ్యకండి, ఎన్నిసార్లు చెప్పినా మళ్ళ చెప్త. అదే విత్తనం సంచికి నీలం ట్యాగు ఉందనుకో, ధ్రువీకరించిన విత్తనమని నమ్ముతం. నీలం ఒకచోట నమ్మకం, ఒకచోట ప్రమాదం. అయినా ఈ లెక్కలల్ల న్యాయముంది. రంగు చూస్తే లోపల ఏమున్నదో తెలుస్తది. లోపట లేనిది పైన అంటించరు.

మనుషుల దగ్గర మాత్రం అట్ల లేదు. ఇది చెప్పేతందుకే ఇంత రాసిన.

మా చెల్లెను డిండి అవతల ఇచ్చినం. నాలుగేండ్ల కింద, వానాకాలంల, రాత్రిపూట మోటరు కాడ కరెంటు కొట్టి మా బావ పోయిండు. తడిసిన స్టార్టరు డబ్బా, ఎర్తింగు సరిగ లేదు. మా దిక్కు ప్రతి మండలంల ఇట్ల పోయినోళ్ళున్నరు, కారణం చిన్నపిల్లగాడైనా చెప్తడు. అయినా ఆ రోజు వచ్చినోళ్ళల్ల సగం మంది అన్న మాట ఒక్కటే. "ఏ జన్మల ఏం పాపం జేసుకున్నదో." ఆ ఎమ్మటే "అయ్యో పాపం, చిన్న వయసు" అన్నరు. మన భాషల తప్పుకు అదే మాట, జాలికి అదే మాట. రెండూ ఒక్క శ్వాసల మా చెల్లె మీద ఏసిపోయిండ్రు.

దినాల నాడు గాజులు, మెట్టెలు, బొట్టు తీసేసిండ్రు. మా కులాలల్ల తెల్లచీర కట్టాలనే పట్టింపు అంతగ లేదు. తెల్లచీర కట్టుకొని ఎవరు నాట్లేస్తరు? అందుకని ముదురు రంగులు, బూడిద రంగులు కడ్తరు. కానీ పసుపు, కుంకుమ ముట్టొద్దు. బతుకమ్మ పేర్చనీకి తంగేడు, గునుగు కోసుకొచ్చి ఇయ్యొచ్చు, గునుగుకు రంగు అద్దొచ్చు, ముంగట నిలబడి ఆడొద్దు. పెండ్లాం సచ్చిన మొగోనికి మాత్రం ఒక్క రంగు తీసేయరు. ఏడాది తిరుగకముందే పసుపు బట్టలు కట్టి పీటల మీద కూసోబెడ్తరు. వాన్ని ఎవరూ ఏ జన్మల పాపమని అడుగరు.

కోపంతోని ఎర్రబడ్డ ముఖం పావుగంటకు మామూలైతది అన్న గదా. నరుకుదామన్నోని నలుపు గూడ రేపు మారొచ్చని జైనులు ఒప్పుకుంటరు. ఏమీ చేయని ఆడమనిషికి ఏసిన రంగు మాత్రం సచ్చేదాక.

ఇప్పుడు మా మేనకోడలి పెండ్లి కుదిరింది. వచ్చే ఆదివారం పసుపు కొట్టుడు. ఐదుగురు ముత్తైదులు రోట్లె పసుపు కొమ్ములేసి దంచుతరు, అది మీకు తెలిసిందే. మేనమామను నేను. పిల్లను గంపల కూసోబెట్టి మండపానికి మోసుకపోయేది నేను. అందుకని నా మాట నేను చెప్పిన. మొదటి దెబ్బ తల్లే ఎయ్యాలె అన్న. పిల్లను కన్నది ఆమె, నాలుగేండ్లు ఒక్కతే కైకిలి పోయి, మూడెకరాలు చేసి, డిగ్రీ చదివించింది ఆమె. వేరే ఎవరి చేయి దానికంటె మంచిది?

పిల్లగాని దిక్కోళ్ళు ఏం అనలే. లొల్లి అంతా మా ఇంట్లనే. అందరికంటె గట్టిగ అడ్డం పడ్డది మా పెద్దమ్మ. ఆమెకు 80కి దగ్గర, ముప్పై ఏండ్లకే మా పెద్దనాయిన పోయిండు. అంటే యాభై ఏండ్లాయె.

నేను నాకు తెలిసినయన్ని చెప్పిన. మన ఊర్లెనే చర్చిల పెండ్లి జరిగితే పెండ్లిపిల్ల తెల్లచీర కడ్తది, అక్కడ తెలుపే శుభం అన్న. "వాళ్ళది వాళ్ళకు" అన్నది. రాజమండ్రిల కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబర్‌ల భర్త పోయిన పిల్లకు ఏకంగా మళ్ళ పెండ్లే చేసిండు, మనం ఇంకా పసుపు కాడనే ఆగినం అన్న. "ఆయన బాపనాయన, సదువుకున్నోడు" అన్నది. మహారాష్ట్రల కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊర్ల 2022 మే నెలల గాజులు పగలగొట్టుడు, బొట్టు తుడుచుడు బంద్ అని పంచాయతీ తీర్మానం చేసిండ్రు, ఆ నెలలనే అక్కడి సర్కారు మిగతా ఊర్లు గూడ అట్లనే చెయ్యాలని చెప్పింది అన్న. ఇది మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. "ఊరంత ఒప్పుకున్నదా?" అని అడిగింది.

ఇగ నా ఎవుసం లెక్క చెప్పిన. పెద్దమ్మా, పసుపు ఎక్కడ పండుతది? నిజామాబాద్ దిక్కు. ఆ పసుపు తవ్వేది, ఉడకబెట్టేది, ఎండబోసేది కూలి ఆడోళ్ళు. అందుల మొగుడు లేనోళ్ళు ఎంతమందో ఎవరన్న అడిగి కొంటున్నరా? ఇంట్ల కూరల పసుపు నువ్వే ఏస్తవు. దూడకు దెబ్బ తగిలితే నువ్వే పసుపు పెడ్తవు. కూరకు లేని దోషం పెండ్లికెట్ల వచ్చె? ఆడపిల్లకు బొట్టు పెట్టింది మొగుడా? పుట్టిన ఇరవై ఒకటో నాడు తొట్లె ఏసేటప్పుడు పెట్టింది నువ్వే గదా, మా చెల్లెకు.

ఆమె శానసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాస్త. "నా ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళల్ల నేను దొడ్లె బర్రెల కాడ కూసున్న. సప్పుడు వినుకుంట. ఇప్పుడు అది కొడితే ఏం గాదంటున్నవ్. మరి నన్ను ఎందుకు కూసోబెట్టిండ్రు రా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకాలల్ల గూడ లేదు. ఇన్ని రోజులు ఆమెది మొండితనం అనుకున్నోళ్ళమంత సప్పుడు జేయలే. యాభై ఏండ్లు పట్టుకున్నది ఉత్తదే అని ఒప్పుకుంటే ఆ యాభై ఏండ్లు ఎవరిస్తరు ఆమెకు? అందుకని మా పెద్దమ్మ మీద నాకు కోపం రాలే, ఏ రంగూ రాలే.

మా చెల్లె అయితే "అన్నా, నా మూలంగ పిల్ల పెండ్లిల లొల్లి వద్దు, నేను లోపట కూసుంట" అంటున్నది. మేనకోడలేమో "మామా, అమ్మ కొట్టకపోతే నేను పసుపు పెట్టుకోను" అని కూసున్నది. దాని కండ్లు ఎర్రగున్నయి. కోపమో ఏడుపో నేను అడుగలే.

పసుపు కొమ్ములు రెండు కిలోలు నిన్న దేవరకొండల తెచ్చిన. రోలు చెల్లె ఇంట్లనే ఉంది. ఐదుగురు ముత్తైదులల్ల ముగ్గురు "మీ చెల్లె కొడితెనే మేం కొడ్తం" అని నాకు చాటుంగ చెప్పిండ్రు, ఇంకిద్దరు పెద్దమ్మ ముఖం చూస్తున్నరు. నా ఆలోచన ఒకటుంది, మొదటి దెబ్బ మా చెల్లె, పెద్దమ్మ ఇద్దరు ఒకే రోకలి పట్టుకొని ఎయ్యాలె అని. ఆమెకు ఇంకా చెప్పలే.

మీ ఊర్లల్ల, మీ ఇండ్లల్ల ఎవరన్న ఇట్ల చేసిండ్రా? తల్లే పసుపు కొట్టిన పెండ్లి ఉంటే రాయండి, ఏ ఊరు, ఆ పిల్లలు ఇప్పుడు ఎట్లున్నరు, అది గూడ రాయండి. శనివారం రాత్రి దాక వచ్చినయన్ని మా పెద్దమ్మకు చదివి వినిపిస్త. ఆమె చెవులు మంచిగనే వినబడ్తయి.